కిడ్నీ మార్పిడి: పది నెలల డయాలసిస్, అక్క కిడ్నీ, ఆపేసిన ఒక మాత్ర

నాకు కిడ్నీ మార్పిడి జరిగి ఈ ఆగస్టుకి 14 నెలలు. ఆపరేషన్‌కి ముందు ఏం జరుగుతుందని కనిపించిన ప్రతివాళ్లనీ అడిగాను. అందరూ "ఏం కాదు, ధైర్యంగా ఉండు" అన్నవాళ్లే. ధైర్యం అక్కర్లేదని కాదు. కానీ నాకు అప్పుడు కావాల్సింది వివరాలు. ఏ రోజు ఏం చేస్తారు, ఎక్కడ ఆలస్యం అవుతుంది, పెట్టిన కిడ్నీ దేనివల్ల దెబ్బతింటుంది? ఇవి చెప్పేవాళ్లు దొరకలేదు. అందుకే నా డైరీ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఐజీఏ నెఫ్రోపతి (కిడ్నీలోని వడపోతల్ని మెల్లగా దెబ్బతీసే జబ్బు) అని నాకు 32 ఏళ్లప్పుడే బయాప్సీలో తేలింది. ఆరేళ్లు మందులతో నెట్టుకొచ్చాను. 2023 మార్చి 9న చేసిన పరీక్షలో ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంకె) 14కి పడిపోయింది. డాక్టర్ గారు ఆ రోజే విషయం స్పష్టంగా చెప్పారు. ఇంట్లో కిడ్నీ ఇవ్వగలిగినవాళ్లు ఉంటే డయాలసిస్ దాకా పోకుండానే మార్పిడి చేసుకోవచ్చని, అలా చేసుకున్నవాళ్లకి ఫలితాలు బాగుంటాయని అన్నారు. అది కుదరకపోతే ఇప్పుడే చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ధమనినీ సిరనీ కలిపే ఆపరేషన్) చేయించుకోమన్నారు, అది సూది గుచ్చడానికి పనికొచ్చేసరికి రెండు నెలలు పడుతుంది కాబట్టి. నేను రెండూ చేయలేదు. కాస్త నీరసం, పొద్దున్నే వికారం తప్ప ఒంట్లో బాగానే ఉన్నట్టు అనిపించేది. ఇంకో నెల చూద్దాం, ఇంకో నెల చూద్దాం అంటూ ఐదు నెలలు గడిపేశాను.

ఆగస్టు 21 రాత్రి పడుకుంటే ఊపిరి ఆడలేదు. లేచి కూర్చుంటే కాస్త నయం, వెనక్కి వాలితే మునిగిపోతున్నట్టు ఉండేది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఎమర్జెన్సీలో మెడ దగ్గర పైపు వేసి, తెల్లవారేలోపు మొదటి డయాలసిస్ చేశారు. హిమోగ్లోబిన్ 5.9 ఉందని రెండు యూనిట్ల రక్తం కూడా ఎక్కించారు. పరాయి రక్తం వల్ల ఒంట్లో యాంటీబాడీలు (పరాయి కణాలపై దాడి చేసే ప్రొటీన్లు) తయారై, తర్వాత నాకు కిడ్నీ కుదరడానికి అడ్డం రావచ్చని ఆ రాత్రి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. బతకడమే ముఖ్యం, వాళ్లు చేసింది సరైనదే. కానీ నేను మార్చిలోనే కదిలి ఉంటే, రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లు అప్పుడే మొదలుపెట్టి ఉంటే, ఆ రెండు బ్యాగుల అవసరమే వచ్చేది కాదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. మార్పిడి ఆలోచన ఉన్నవాళ్లు రక్తం ఎక్కించాల్సి వస్తే ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి. తెల్ల కణాలు వడపోసిన రక్తం ఇచ్చే వీలుంటుంది.

తర్వాత వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు. సెప్టెంబర్లో ఫిస్టులా చేశారు, నవంబర్లో దానితో డయాలసిస్ మొదలైంది. నా రోజంతా నీళ్ల లెక్కే. మాత్రలు మింగే నీళ్లతో కలిపి రోజుకి 750 మిల్లీలీటర్లు. పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పోసుకునేదాన్ని, సాయంత్రానికి అడుగున రెండు వేళ్ల నీళ్లు మిగిలేవి. రాత్రి దాహం వేస్తే ఆ రెండు వేళ్లే దిక్కు.

అక్టోబర్ 12న మా ఆయన పరీక్షలు మొదలయ్యాయి. ఆయనది ఓ పాజిటివ్, నాది బీ పాజిటివ్. గ్రూపు కలిసిందని ఇంట్లో అందరం సగం గట్టెక్కాం అనుకున్నాం. ఆ తర్వాత క్రాస్‌మ్యాచ్. నా సీరమ్‌ని ఆయన తెల్ల రక్తకణాలతో కలిపి చూస్తారు. ఆ కణాలకు వ్యతిరేకంగా నా రక్తంలో యాంటీబాడీలు ఉంటే పాజిటివ్ వస్తుంది. ఇక్కడ నెగటివ్ రావాలి. ఆరు రోజులు ఆగాం. పాజిటివ్ వచ్చింది.

డాక్టర్ గారు రిపోర్టు చూసి మొదట అడిగిన మాట, "పిల్లలెంతమందమ్మా?" అని. ఇద్దరు అన్నాను. కడుపులో ఉన్న బిడ్డలో సగం తండ్రి లక్షణాలు ఉంటాయి కదా, వాటికి తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారవ్వొచ్చని, భర్త కిడ్నీ భార్యకి కుదరకపోవడానికి ఇదొక కారణమని చెప్పారు. అలా పాజిటివ్ ఉండగా పెడితే కిడ్నీ గంటల్లోనే పాడైపోవచ్చట. మా ఆయన ఒళ్లో ఫైలు ఉంది. దాని ప్లాస్టిక్ కవరు ముడతని బొటనవేలితో సాఫు చేస్తూ కూర్చున్నారు, నా వైపు చూడలేదు. నా పిల్లల వల్లే నా మొగుడి కిడ్నీ నాకు పనికిరాకుండా పోయిందన్న మాట మింగుడు పడటానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇది ఎవరి తప్పూ కాదు. అయినా ఆ రాత్రి పిల్లలిద్దరి మధ్యా పడుకుని చాలాసేపు ఏడ్చాను.

మూడు దారులు చెప్పారు. ప్లాస్మాఫెరిసిస్‌తో (రక్తాన్ని మిషన్లో వడపోసి) యాంటీబాడీలు తగ్గించి మా ఆయనదే పెట్టడం మొదటిది. దానికి ఖర్చు ఎక్కువ, ఇన్ఫెక్షన్ భయం, తర్వాత రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడి చేయడం) వచ్చే అవకాశమూ ఎక్కువే. మాలాగే కుదరని ఇంకో జంటతో కిడ్నీలు మార్చుకోవడం రెండోది. మూడోది, ఇంట్లో ఇంకొకరు. అమ్మకి 67 ఏళ్లు, షుగరుంది, ఆమెను లెక్కలోంచి తీసేశారు. చనిపోయినవారి కిడ్నీ కోసం జాబితాలో పేరు రాయించాం. యాంటీబాడీలు ఉన్నవాళ్లకి కుదిరే కిడ్నీ దొరకడం కష్టం కాబట్టి నిరీక్షణ ఎక్కువ ఉండొచ్చని అక్కడ మరోసారి చెప్పారు.

అక్కని నేను అడగలేదు. నోరు రాలేదు. జనవరి 7న తనే ఫోన్ చేసింది.

"నన్నెందుకు అడగలేదే?"

"నీకు ఉద్యోగం, పిల్లలు ఉన్నారు కదక్కా."

"నీకు లేరా?"

అంతే, వారం తిరక్కుండా వచ్చేసింది. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, అప్పటికి 46. తోబుట్టువుల్లో కణజాలం గుర్తులు (హెచ్ఎల్ఏ) పూర్తిగా కలిసే అవకాశం నూటికి 25 వంతులు, సగం కలిసేది 50, అసలు కలవనిది 25. మాకు సగం కలిసింది. అంతకన్నా ముఖ్యం, క్రాస్‌మ్యాచ్ నెగటివ్. నా యాంటీబాడీలు దేనిమీద పనిచేస్తాయో అది అక్కలో లేదు.

దాత పరీక్షలు ఇన్ని ఉంటాయని నాకు తెలీదు. మూత్రం, రక్తం, గుండె, షుగర్ తాగించి చూసే పరీక్ష, 24 గంటలు చేతికి కట్టి ఉంచే బీపీ మిషను, కిడ్నీలు ఏది ఎంత పనిచేస్తోందో చూసే డీటీపీఏ స్కాన్, రక్తనాళాల కోసం సీటీ యాంజియో. అక్క కుడి కిడ్నీకి రెండు ధమనులు, ఎడమదానికి ఒకటే. అందుకే ఎడమది తీద్దామన్నారు. ఎడమ కిడ్నీ సిర కాస్త పొడవు కాబట్టి అతికించడానికీ అదే వీలట. అంతా బాగుంది కానీ బరువు దగ్గర ఆగిపోయింది. అక్క బీఎమ్ఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 31. ఆరు కిలోలు తగ్గి రమ్మన్నారు. ఆపరేషన్ తేలికవ్వడానికే కాదు, ఒక్క కిడ్నీతో మిగతా జీవితమంతా గడపాల్సిన మనిషికి బరువు, బీపీ, షుగర్ ఎంత ముఖ్యమో కూర్చోబెట్టి చెప్పారు. తగ్గడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ రోజూ పొద్దున తన బరువు అంకె నాకు మెసేజ్ చేసేది. నేను నా డయాలసిస్ బరువు పంపేదాన్ని.

నన్ను బయట కూర్చోబెట్టి అక్కతో ఒక్కదానితోనే మాట్లాడిన రోజు ఒకటుంది. లోపల ఏమన్నారో అక్క చాలాకాలానికి చెప్పింది. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, ఎవరికీ తెలియనివ్వం, వైద్యపరంగా మీరు పనికిరారని మాత్రమే చెప్తాం అన్నారట. ఆపరేషన్ గదిలోకి వెళ్లే క్షణం దాకా వద్దనే హక్కు ఉందన్నారట. ఆ మాట విన్నప్పుడు ఆ డాక్టర్ల మీద నాకు గౌరవం పెరిగింది.

ఈలోపు నా పరీక్షలు. ఎకో, స్ట్రెస్ టెస్ట్, క్షయ ఉందేమో చూడటం, హెపటైటిస్ బి టీకాలు, ఆడవాళ్లకి చేసే క్యాన్సర్ పరీక్షలు. పుచ్చిపోయిన రెండు పళ్లు తీయించారు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు మొదలయ్యాక పంటి చీము కూడా ప్రమాదమే.

ఆపరేషన్ తారీఖు జూన్ 11, 2024. జూన్ 6న మళ్లీ క్రాస్‌మ్యాచ్, కొత్త రక్తంతో. యాంటీబాడీలు మధ్యలో పెరగొచ్చు కాబట్టి తప్పదన్నారు. ఒకసారి నెగటివ్ వచ్చిందిగా అనుకుని నిబ్బరంగా ఉన్న నాకు ఆ రెండు రోజులూ మళ్లీ టెన్షన్. నెగటివే వచ్చింది.

ఆపరేషన్ రోజు పొద్దున 7:30కి అక్కని ముందు తీసుకెళ్లారు. స్ట్రెచర్ మీద నుంచి చెయ్యి ఊపి, "లోపల ఏసీ ఎక్కువట, సాక్సులు వేసుకో" అంది. నన్ను 9 గంటలకి తీసుకెళ్లారు. మెలకువ వచ్చేసరికి సాయంత్రం. గొంతు మంట, పొట్ట కుడివైపు కింద బరువు. నర్సమ్మ మంచం పక్కన వేలాడుతున్న సంచీని ఎత్తి చూపించింది. నిండా మూత్రం. డయాలసిస్ మొదలైన కొన్ని నెలలకే నాకు మూత్రం దాదాపు ఆగిపోయింది. పైపులోంచి ఒక్కో చుక్కా కాదు, ధారగా సంచీలోకి దిగుతుంటే కళ్లు మళ్లాలన్నా మళ్లలేదు. మొదటి 24 గంటల్లో 11 లీటర్లు. గంటగంటకీ కొలిచి, పోయినంతా సెలైన్ రూపంలో మళ్లీ ఎక్కించారు.

నాకున్న యాంటీబాడీల చరిత్ర వల్ల రిజెక్షన్ ముప్పు ఎక్కువని, మొదట్లోనే గట్టి ఇంజెక్షన్ ఇచ్చారు, యాంటీ థైమోసైట్ గ్లోబ్యులిన్. అది ఎక్కుతుంటే చలి, వణుకు, జ్వరం. ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడపోయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) ఆపరేషన్‌కి ముందు 8.9, తర్వాత రోజుకొకటి చొప్పున 5.2, 3.0, 1.8, ఐదో రోజుకి 1.1. చనిపోయినవారి కిడ్నీ పెట్టించుకున్న పక్క గది ఆయనకి మొదటి వారం రెండుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. కిడ్నీ బయట ఎక్కువసేపు ఉంటే లేవడానికి టైం పడుతుందట. వాళ్లింట్లో వాళ్లు పోయిందేమోనని బెంబేలెత్తారు. పదో రోజుకి ఆయనకీ పనిచేయడం మొదలైంది.

మూడో రోజు డాక్టర్ గారు "రోజుకి మూడు లీటర్లు తాగండి" అన్నారు. నర్సమ్మ నిండు గ్లాసు చేతికిచ్చింది. పది నెలలుగా గుక్కలు లెక్కపెట్టుకున్న చెయ్యి, తాగబోయి ఆగిపోయింది. "ఇదంతానా?" అని అడిగాను. "ఇంకో గ్లాసు కూడా ఉంది" అంది. సగం తాగి దించి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుని, మిగతా సగం తాగాను. రెండు రోజులకి గానీ ఆ భయం పోలేదు.

ముందుగా ఎవరూ చెప్పని సంగతులు కొన్ని. పాత కిడ్నీలు మామూలుగా తీయరు, కొత్తది పొట్ట కింది భాగంలో పెడతారు, చేత్తో తడిమితే తెలుస్తుంది. కిడ్నీ ఇచ్చినవాళ్లకే నొప్పి ఎక్కువ. అక్కకి లాపరోస్కోపీలో నింపిన గ్యాసు వల్ల కోత దగ్గర కన్నా భుజాల్లో ఎక్కువ నొప్పి, రెండు రోజులు పడుకోలేకపోయింది. నేను హుషారుగా ఉంటే తను మూలుగుతుండటం చూడలేకపోయాను. అక్కని నాలుగో రోజు ఇంటికి పంపారు, నన్ను తొమ్మిదో రోజు. రిజెక్షన్ రాకుండా వేసుకునే టాక్రోలిమస్ వల్ల నా చేతులు వణికేవి, సంతకం కుదిరేది కాదు. ఆ మందు లెవెల్ పరీక్షకి పొద్దుటి డోసు వేసుకోకుండా, రాత్రి డోసుకి 12 గంటల తర్వాత రక్తం ఇవ్వాలి. ఇది విని కూడా ఒకరోజు అలవాటులో మాత్ర వేసుకుని వెళ్లాను, లెవెల్ తప్పుగా ఎక్కువ వచ్చింది. మర్నాడు మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. జూలై 16న మూత్రనాళంలో పెట్టిన స్టెంట్ (సన్నని గొట్టం) తీశారు, ఐదు నిమిషాల పని.

ఖర్చు సంగతి. ఆపరేషన్‌కి ఎంతవుతుందో ముందే చెప్తారు, దానికి సిద్ధపడతాం. దెబ్బ కొట్టేవి మిగతావి. దాతకి చేసే పరీక్షలన్నీ, మళ్లీ మళ్లీ క్రాస్‌మ్యాచ్, మొదటి నెలలో వారానికి రెండుసార్లు రక్త పరీక్షలు, సీఎంవీ వైరస్ రాకుండా నెలల తరబడి వేసుకునే వాల్‌గాన్‌సిక్లోవిర్. నా మందుల్లో అదే అన్నిటికన్నా ఖరీదు. అక్క ఆరు వారాలు ఉద్యోగానికి పోలేదు, ఆ జీతం పోయింది. ఈ లెక్కలన్నీ ఆపరేషన్‌కి ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

నాకు బీపీకి ఇచ్చిన మాత్రల్లో డిల్టియాజెమ్ ఒకటి. ఆగస్టు 19న లేస్తుంటే కళ్లు తిరిగాయి. ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్ దగ్గరికి అంత దూరం ఎందుకని దగ్గర్లో ఉన్న ఒక డాక్టర్‌కి చూపించుకున్నాను. నాడి 52 ఉంది, ఈ మాత్ర వల్లేనని ఆపేసి బీపీకి వేరేది రాశారు. నాడి వరకు ఆయన చెప్పింది సరే. కానీ డిల్టియాజెమ్ టాక్రోలిమస్‌ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు, రక్తంలో దాని మోతాదు నిలబెడుతుంది. అది ఆపితే టాక్రోలిమస్ పడిపోతుంది. డోసు మార్చకుండా ఆపకూడదు. ఈ ముక్క ఆయన చూడలేదు, నాకు తెలీదు, నేను ట్రాన్స్‌ప్లాంట్ వాళ్లకి ఫోన్ చేయలేదు. బీపీ మాత్రే కదా అనుకున్నాను.

రెండో నెల దాటాక పరీక్షలు 15 రోజులకోసారి అయ్యాయి. ఆగస్టు 28న ఇచ్చిన రక్తంలో క్రియాటినిన్ 1.7. టాక్రోలిమస్ 8 పైన ఉండాల్సింది 3.6. నాకు నొప్పి లేదు, జ్వరం లేదు, మూత్రం తగ్గలేదు. ఆ పూటే ఇంట్లో పనంతా చేసుకున్నాను. రిజెక్షన్ అంటే ఏదో తెలిసేలా ఉంటుందనుకునేదాన్ని. ఏమీ తెలియలేదు.

30న బయాప్సీ చేశారు. ఈ కిడ్నీ చర్మం కిందే ఉంటుంది కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టే చేస్తారు, ఆ తర్వాత ఆరు గంటలు కదలకూడదు. మర్నాడు సాయంత్రం రిపోర్టు: టీ కణాల (ఒక రకం తెల్ల కణాల) వల్ల వచ్చిన రిజెక్షన్, గ్రేడ్ 1ఎ (తక్కువ స్థాయిది). కొత్త యాంటీబాడీలు లేవు, అదే ఊరట. మూడు రోజులు 500 మిల్లీగ్రాముల చొప్పున స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. రెండో రోజు షుగర్ 340కి పోయింది, ఐదు వారాలు ఇన్సులిన్ వేసుకున్నాను. నిద్ర అసలు లేదు.

అక్కకి రెండు రోజులు చెప్పలేదు. తన ఒంట్లోంచి తీసిచ్చింది నేను చూసుకోలేకపోయాను అన్న మాట ఎలా చెప్పాలో తెలియలేదు. మా ఆయన ఫోన్‌లో గొంతు విని అక్కే పట్టేసింది. నేను ఏడుస్తూ క్షమించమంటే, "ఇచ్చిన రోజే లెక్క వదిలేశానే. షుగర్ ఎంతుందో చెప్పు ముందు" అంది.

సెప్టెంబర్ 14కి క్రియాటినిన్ 1.3కి వచ్చి ఆగింది. మళ్లీ 1.1 రాలేదు. రిజెక్షన్ ఒకసారి వచ్చిందంటే ఎంతోకొంత మచ్చ మిగలొచ్చని, ఇక నా మామూలు 1.3 అనుకోమని చెప్పారు. దగ్గర బంధువులిచ్చిన కిడ్నీల్లో 95 శాతానికి పైగా మొదటి ఏడాది దాటతాయని ఆపరేషన్‌కి ముందు విన్నాను, ఆ అంకె పట్టుకుని నిశ్చింతగా ఉన్నాను. అందులో నా కిడ్నీ కూడా ఉంది, నిజమే. కానీ దాటిన వాటిలో 1.1 ఉన్నదానికీ 1.3 ఉన్నదానికీ తేడా ఉంటుంది. ముందు ముందు ఎన్నేళ్లు పనిచేస్తుందన్నది ఆ తేడాలో ఉంటుంది.

రిజెక్షన్‌కి మందులు పెంచితే రెండోవైపు తెగింది. జనవరిలో రక్తంలో బీకే వైరస్ కనిపించింది. మన ఒంట్లో ఊరికే పడుండే వైరస్ అది, రోగనిరోధక శక్తి బాగా తగ్గితే లేచి కొత్త కిడ్నీనే పట్టుకుంటుంది. దానికి సూటిగా మందు లేదు, అణిచే మందులే తగ్గించాలి. వాటిలో ఒకటైన మైకోఫెనోలేట్ సగానికి తగ్గించారు. తగ్గిస్తే రిజెక్షన్ మళ్లీ వస్తుందేమో, తగ్గించకపోతే వైరస్ కిడ్నీని తినేస్తుందేమో. ఆ మూడు నెలలూ ప్రతి రిపోర్టు తెరిచే ముందు చేతులు చల్లబడేవి. ఏప్రిల్‌కి వైరస్ లేదని వచ్చింది.

ఇప్పుడు పళ్ల డాక్టర్ అయినా, కంటి డాక్టర్ అయినా, ఎవరు ఏ మందు రాసినా, ఏది ఆపమన్నా మొదట ట్రాన్స్‌ప్లాంట్ ఆసుపత్రి కోఆర్డినేటర్‌కి ఫోన్ చేస్తాను. ఒళ్లు నొప్పుల మాత్రలు, యాంటీబయాటిక్‌లు, ఫంగస్ మందులు, మూలికల పొడులు, అన్నీ. ఆవిడ ఇంతవరకు ఒక్కసారీ విసుక్కోలేదు. మాత్రలకి పొద్దున 8, రాత్రి 8 అలారం. మందుల పేర్లు, డోసులు రాసిన కార్డు పర్సులో ఒకటి, మా ఆయన దగ్గర ఒకటి.

ఈ జూన్ 12న అక్కా నేనూ కలిసి ఏడాది పరీక్షలకి వెళ్లాం. అక్క క్రియాటినిన్ ఇవ్వకముందు 0.7, ఇచ్చిన వారానికి 1.1, ఇప్పుడు 1.0. మిగిలిన ఒక్క కిడ్నీ ఎక్కువ పని అందుకుందని, అది మామూలేనని అన్నారు. బీపీ 122/78. బరువు మళ్లీ రెండు కిలోలు పెరిగిందని అక్క నాకన్నా ముందే ఒప్పుకుంది. నాది 1.3. ఇద్దరి రిపోర్టులూ ఒకే ఫైల్లో పెట్టి, ఫైలు అక్కే పట్టుకుంది.